వేడెక్కితే స్టార్ట్ కాని ఆర్‌ఎక్స్-8: ఒక రోటరీ కేసు మొత్తం

బండి 2005 మజ్దా ఆర్‌ఎక్స్-8, సిక్స్ స్పీడ్ మాన్యువల్, ఓడోమీటర్ మీద 92 వేల మైళ్ళు. ఊరు డాలస్ పక్కన. ఓనర్ కరీంనగర్ కుర్రాడు, ఎంఎస్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో 3,800 డాలర్లకి ఆన్‌లైన్‌లో చూసి కొన్నాడు. మనూళ్ళలో మజ్దా అంటే స్వరాజ్ మజ్దా స్కూల్ బస్సే గుర్తొస్తుంది, ఈ కుర్రాడికి మాత్రం ఇంటర్ నుంచీ ఈ కారు పిచ్చి, వెనక డోర్లు ఎదురు తెరుచుకుంటాయి, 9000 ఆర్‌పీఎమ్ దాకా తిరుగుతుంది, ఆ ధరకి ఇంకేం కావాలి అనుకున్నాడు. నేను ఇక్కడ ఆటో టెక్నీషియన్‌ని, ఎక్కువగా జపనీస్ బళ్ళే చూస్తా, ఇంటి గరాజ్‌లో తెలిసినవాళ్ళవి వీకెండ్ పూట పట్టుకుంటా. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం ఏంటంటే, ఆర్‌ఎక్స్-8 కొన్న మనవాళ్ళు దాదాపు అందరూ ఇదే వరసలో డబ్బులు పోసుకుంటున్నారు, ముందు పార్ట్స్ కొనేసి తర్వాత టెస్ట్ చేయిస్తున్నారు.

కంప్లైంట్ అతని మాటల్లోనే: "పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కి లేస్తది అన్నా. గంట తిప్పి పెట్రోల్ బంక్‌ల ఆపినా అంటే ఇగ లేవదు, గర్ర్‌మని తిరుగుతనే ఉంటది. అరగంట కూసుంటే మళ్ల లేస్తది. ఎక్కినంక ఆరువేలు దాటితే మిస్సింగ్ కొడుతున్నది, చెక్ ఇంజన్ లైటు మిణుకు మిణుకు అంటది. గేర్ రాడ్ కాడ సెగ తగుల్తున్నది." పైగా రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోయింది. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కానీ డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది, రెండేళ్ళ నుంచి 24 ఏళ్ళ దాకా వయసున్న పెట్రోల్ బళ్ళన్నిటికీ. లైటు వెలుగుతుంటే ఫెయిలే.

నా దగ్గరకి వచ్చేలోపు మార్చినవి చెప్పమంటే లిస్ట్ పెద్దదే చదివాడు. బ్యాటరీ కొత్తది. ముందు ఆక్సిజన్ సెన్సార్ కొత్తది. ఎయిర్‌ఫ్లో సెన్సార్ క్లీనింగ్. ట్యాంకులో పోసే ఏవో క్లీనర్ బాటిళ్ళు. ప్లగ్గులు నాలుగు తనే వీడియో చూసి మార్చాడు. ఆ తర్వాత ప్లగ్గులకి స్పార్క్ కరెంటిచ్చే కాయిల్స్ నాలుగు, ఆన్‌లైన్‌లో సెట్ మొత్తం అరవై డాలర్లకి వచ్చేవి. అన్నీ కలిపి 900 డాలర్ల దాకా అయ్యింది, బండి మాత్రం ఇంకాస్త పాడయ్యింది.

ఈ ఇంజన్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఇది రోటరీ ఇంజన్, ఇందులో పిస్టన్లు, వాల్వులు ఉండవు. సమోసా ఆకారంలో రెండు రోటర్లు ఉంటాయి, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1.3 లీటర్. రోటర్ మూడు మూలల్లో ఉండేవి ఎపెక్స్ సీల్స్, పక్కల అంచున ఉండేవి సైడ్ సీల్స్. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, అంటే మూడు గదులు, ప్రతి ముఖానికీ కంప్రెషన్ విడిగా ఉంటుంది. రోటర్‌కి ప్లగ్గులు రెండు, కింద ఉండేది లీడింగ్, పైన ఉండేది ట్రెయిలింగ్, అసలు పని ఎక్కువ చేసేది లీడింగ్. పాత ఆర్‌ఎక్స్-7లో ఎగ్జాస్ట్ పోర్ట్ బయట చుట్టూ ఉండే హౌసింగ్‌లో ఉండేది, ఆర్‌ఎక్స్-8 రెనెసిస్ ఇంజన్‌లో దాన్ని పక్క ప్లేట్లలోకి మార్చారు. ఎమిషన్స్‌కి మంచి ఐడియా, 2003లో ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ కూడా దీనికే ఇచ్చారు. కానీ ఎగ్జాస్ట్ ఎక్కడన్నా అడ్డుపడి వేడి వెనక్కి తన్నిందంటే ఆ వేడి ముందు తగిలేది సైడ్ సీల్స్‌కే. ఈ కేసు మొత్తం ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

ఏ బోల్టూ ఇప్పకముందు స్కానర్ పెట్టా. పీ0302, అంటే రియర్ రోటర్ మిస్‌ఫైర్, దానితో పీ0420, ఎగ్జాస్ట్ పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్, అంటే కేట్, సరిగ్గా పనిచేయట్లేదని. ఇక్కడ చాలామంది పీ0420 చూసి కేట్ మార్చేసి ఇంటికెళ్తారు, మూణ్ణెల్లకి కొత్తది కూడా పోతుంది, ఎందుకంటే కేట్‌ని చంపింది వేరే ఉంది. కొన్న రోజున అతను తీసుకున్న స్కానర్ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంది, చూపించాడు. కోడ్లు ఏమీ లేవు, అది చూసే నమ్మాడు పాపం. అదే స్క్రీన్ మీద కింద రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్ పార్ట్స్ మీద కారు కంప్యూటర్ తనే చేసుకునే పరీక్షలు) అన్నీ ఇన్‌కంప్లీట్. అంటే అమ్మినాయన చూపించే ముందే కోడ్లు చెరిపేశాడు లేదా బ్యాటరీ పీకి పెట్టాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూపించాడట, చిన్న ట్యూనప్ చేయిస్తే చాలన్నాడట. రోటరీ కొనేటప్పుడు బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ సెల్ఫ్ కొట్టాలి, అప్పుడు బయటపడుతుంది దాని ఆరోగ్యం.

తర్వాత ఎడమ ముందు చక్రం ఊడదీశాం, ప్లగ్గులు అందేది అక్కడినుంచే. ప్లగ్ వైర్లు పట్టుకుని ఒక్కోటి కాయిల్ దాకా వేలితో తడుముకుంటూ వెళ్తే రియర్ రోటర్ లీడింగ్, ట్రెయిలింగ్ వైర్లు తారుమారుగా ఉన్నాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, చీకట్లో చెయ్యి మాత్రమే దూరే చోటు, ఎవరికైనా జరిగేదే. టైమింగ్ రెండిటికీ ఒకటి కాదు కాబట్టి బండి నడుస్తుంది కానీ చెత్తగా నడుస్తుంది. ప్లగ్గులు మటుకు కరెక్ట్‌గానే పెట్టాడు, లీడింగ్‌కి హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే నంబర్) 7, ట్రెయిలింగ్‌కి 9, ఎన్‌జీకే కంపెనీ వాటి పేర్లలోనే ఎల్, టీ అని రాసి ఉంటుంది. రియర్ ప్లగ్గులు రెండూ మసిబట్టి తడిగా ఉన్నాయి, ముక్కు దగ్గర పెడితే పచ్చి పెట్రోల్ వాసన. ఫ్రంట్‌వి పొడిగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. వైర్లు సరిచేస్తే ఐడిల్ కుదుటపడింది, మిస్సింగ్ తగ్గింది కానీ పోలేదు, హాట్ స్టార్ట్ ఏమాత్రం మారలేదు.

ఇక కంప్రెషన్. మామూలు పిస్టన్ గేజ్ దీనికి పనికిరాదు, దాని చెక్ వాల్వ్ మూడు ముఖాల్లో ఏది ఎక్కువో ఆ ఒక్క నంబర్ పట్టుకుని కూర్చుంటుంది, మిగతా రెండు చచ్చిపోయినా తెలియదు. రోటరీ టెస్టర్ లేనివాళ్ళు గేజ్‌లో ఆ వాల్వ్ పీకేసి, ముల్లు ఎగిరే తీరుని ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూసుకోవచ్చు, మూడు ఎగురుళ్ళూ సమానంగా ఉన్నాయా లేదా అన్నంత వరకు తెలుస్తుంది. నా దగ్గర డిజిటల్ రోటరీ టెస్టర్ ఉంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ నేలకి తొక్కిపెట్టి క్రాంక్ చేయాలి. తిరిగే స్పీడ్‌ని బట్టి నంబర్ మారుతుంది కాబట్టి అంతా 250 ఆర్‌పీఎమ్‌కి సర్దుకుని చూడాలి. మజ్దా లెక్క ప్రకారం బాగున్న ఇంజన్‌కి 8.5, కనీసం 6.9 ఉండాలి, కేజీ పర్ చదరపు సెంటీమీటర్లో.

ఫ్రంట్ రోటర్ 7.6, 7.4, 7.7. రియర్ రోటర్ 7.0, 6.4, 7.1.

కుర్రాడు వెంటనే "అన్నా, ఇంజన్ బోరుకొచ్చిందా?" అన్నాడు. కాదు, ఆ ఆరు నంబర్లని కొంచెం నిదానంగా చూడాలి. ఎపెక్స్ సీల్ పోతే అది రెండు గదుల మధ్య గోడ కాబట్టి పక్కపక్క ముఖాలు రెండూ పడిపోతాయి. ఒక్క ముఖమే పడితే ఆ ముఖం సైడ్ సీల్ మీద అనుమానం. ఇక్కడ పడింది ఒక్కటే. ముక్క విరిగినా, సీల్ పూర్తిగా పోయినా 6.4 ఉండదు, ఇంకా చాలా కిందకి దిగుతుంది. అంటే సీల్ అరిగింది, లేదా కార్బన్ పట్టి గాడిలో ఇరుక్కుంది, ఇంకా బతికే ఉంది. అయితే రియర్‌లోనే ఎందుకు, ఒక్క సైడ్ సీల్‌కే ఎందుకు అంటే, వేడి.

ఇంకో పని కూడా చేయించా, విన్ నంబర్‌తో (బండి గుర్తింపు నంబర్) డీలర్ దగ్గర పాత సర్వీస్ రికార్డ్ అడగమన్నా. మజ్దా అమెరికాలో 2004 నుంచి 2008 మోడల్స్‌కి ఇంజన్ కోర్ వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచింది, దానికింద చాలా బళ్ళకి ఇంజన్లే మారాయి. దీనికి కూడా 58 వేల మైళ్ళ దగ్గర ఇంజన్ మారినట్టు రికార్డ్ వచ్చింది. అంటే లోపల ఉన్న ఇంజన్ వయసు 34 వేల మైళ్ళే. ఫ్రంట్ రోటర్ నంబర్లు దానికి సరిపోతున్నాయి, రియర్ మాత్రం బయటనుంచి తెచ్చుకున్న రోగం.

గేర్ రాడ్ దగ్గర సెగ అన్నాడు కదా, నాకు మొదటినుంచీ అనుమానం అక్కడే. ముందు ఆక్సిజన్ సెన్సార్ తీసి ఆ కన్నంలో ప్రెషర్ గేజ్ బిగించా. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 3 పీఎస్‌ఐ లోపు ఉండాల్సింది 8 చూపించింది. ఇంజన్ పొగ బయటకి పోలేక ఉక్కిరిబిక్కిరి అవుతోంది. కేట్ దించడం ఓ పెద్ద తతంగం, ఇరవై ఏళ్ళ తుప్పు, రాత్రంతా ఆయిల్ కొట్టి నానబెట్టినా నట్లు కదల్లేదు, టార్చ్ పెట్టి ఎర్రగా కాల్చి తిప్పితే ఒకటి కదిలింది, ఇంకో స్టడ్ టప్పుమని తెగింది. డ్రిల్ చేసి తీయాల్సొచ్చింది. దించి లైటు పెట్టి చూస్తే లోపల తేనెపట్టులా ఉండాల్సిన సిరామిక్ ఒకపక్క కరిగి ముద్దయిపోయి, గాజు పెంకులాగా మెరుస్తోంది, ఇంకోపక్క పగిలి ముక్కలు అడ్డం పడ్డాయి. ఇటునుంచి అటు వెలుతురు పావు వంతు కూడా రాట్లేదు. కుర్రాడు దాన్ని చేతిలో పట్టుకుని ఊపితే గలగలమంది.

కరగడానికి కారణం మండకుండా మిగిలిన పెట్రోల్. ఇగ్నిషన్ వీక్ అయితే పెట్రోల్ లోపల మండకుండా కేట్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. కాయిల్స్‌కి స్కోప్ (కరెంట్ తీరుని గీతలుగా చూపించే మెషిన్) పెట్టా. రియర్ లీడింగ్ కాయిల్ చల్లగా ఉన్నప్పుడు పర్వాలేదు, వేడెక్కి ఆర్‌పీఎమ్ పెరిగేసరికి స్పార్క్ తెగి తెగి వస్తోంది. అదే కాయిల్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే వంకేమీ కనపడదు, రెసిస్టెన్స్ బాగానే ఉంటుంది, అందుకే దీన్ని మల్టీమీటర్‌తో పాస్ చేయొద్దని నేను కనపడ్డవాడికల్లా చెప్తా. ఆ అరవై డాలర్ల సెట్‌లోదే ఇది. ఇతను తీసేసిన పాత కాయిల్స్ అదృష్టంకొద్దీ డిక్కీలో ఉన్నాయి, వాటినీ పెట్టి చూస్తే అవీ అలసిపోయినవే. ఆర్‌ఎక్స్-8లో కాయిల్స్ 30 వేల మైళ్ళకే నీరసించడం మామూలు, వాటిని ప్లగ్గుల్లాగా అరిగిపోయే సామానుగా లెక్కేయాలి. కాబట్టి కథ క్రమం ఇదీ: ముందు ఓనర్ దగ్గరే కాయిల్ వీక్, కేట్ కరగడం మొదలు, ఎగ్జాస్ట్ వేడి సైడ్ సీల్ మీదకి, తర్వాత మనవాడి చేతిలో చవక కాయిల్, తారుమారు వైర్లు, మిగిలిన పని అవి పూర్తిచేశాయి.

ఇప్పుడేం చేయాలన్నది అసలు ప్రశ్న. తెలిసిన రోటరీ షాప్‌లో రీబిల్డ్ అంటే నాలుగైదు వేల డాలర్లు పైమాటే, బండి ధర కంటే ఎక్కువ. వేరే షాపువాళ్ళు ఇతనికి కంప్రెషన్ కూడా చూడకుండానే ఇంజన్ మార్చాలని చెప్పి పంపారట. నా అభిప్రాయం వేరు. 6.4 లిమిట్ కింద ఉంది నిజమే, కానీ ఒక్క ముఖం. ఇంజన్‌ని ఇబ్బంది పెడుతున్నవి బయటివి, వాటిని తీసేసి నడిపి చూద్దాం, ఇంజన్ డబ్బు విడిగా దాచుకో అన్నా. సీల్ బాగుపడుతుందని మాత్రం మాటివ్వలేదు. కొందరు ఈ ఇంజన్ మొత్తం తీసేసి పెద్ద వీ8 ఇంజన్ వేయమని సలహాలిస్తారు, వాళ్ళకి డబ్బు, టైము, రెండో కారు మూడూ ఉంటాయి, మనవాడికి సోమవారం ఆఫీసుకెళ్ళాలి.

ఒరిజినల్ కాయిల్స్ నాలుగు, వైర్లు, ప్లగ్గులు పెట్టాం. వైర్ పీకేముందు ప్రతిదానికీ రంగు టేపు చుట్టి ఫోటో తీయించా, చేసింది అంతా అతనే, నేను స్టూల్ మీద కూర్చుని చూశా. కేట్ కంపెనీది చాలా ఖరీదు, టెక్సాస్ కాబట్టి కాలిఫోర్నియా రకం అవసరం లేదు, ఈపీఏ (అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ) రూల్స్‌కి సరిపోయే ఆఫ్టర్‌మార్కెట్‌ది వేశాం. కేట్ తీసేసి ఖాళీ పైపు పెట్టేద్దామా అని అడిగాడు, సౌండ్ కోసం ఆశ. రోడ్డు బండికి అది చట్టవిరుద్ధం, టెస్ట్‌లోనూ దొరికిపోతాం, వద్దన్నా.

హాట్ స్టార్ట్ సంగతికొస్తే, వేడి మీద ఆయిల్ పల్చబడి, సీల్స్ దగ్గర లీకేజీ పెరుగుతుంది, కంప్రెషన్ అంచులో ఉన్న ఇంజన్‌కి అప్పుడు సెల్ఫ్ మోటర్ నెమ్మదిగా తిప్పితే అంటుకునేంత ఒత్తిడి రాదు. పాత స్టార్టర్ వేడి మీద 210 ఆర్‌పీఎమ్ దగ్గర మూలుగుతోంది, కేబుల్స్‌లో వోల్టేజ్ డ్రాప్ చూస్తే బాగానే ఉంది, మోటరే ముసలిదైంది. మజ్దా తర్వాత్తర్వాత ఈ బళ్ళకి బలమైన స్టార్టర్ ఇచ్చింది, ఆ రకంది వేశాం, 280 దాకా తిరుగుతోంది. ఇంజన్ అదే, సీల్ అదే, కానీ వేడి మీద రెండు మూడు సెకన్లలో అంటుకుంటోంది. రోగం తగ్గలేదు, లక్షణం తగ్గింది, ఈ తేడా కుర్రాడికి ఒకటికి రెండుసార్లు చెప్పా, ఎందుకంటే ఇదే స్టార్టర్ వేసి వీక్ ఇంజన్లని అమ్మేవాళ్ళూ ఉన్నారు. పార్ట్స్ అన్నీ కలిపి 1,400 డాలర్ల చిల్లర అయ్యింది.

బ్యాటరీ తీసి పెట్టాం కాబట్టి మానిటర్లు మళ్ళీ మొదటికొచ్చాయి. 2001, ఆ తర్వాతి మోడల్ బళ్ళకి టెస్ట్‌లో ఒక్క మానిటర్ ఇన్‌కంప్లీట్ ఉన్నా ఒప్పుకుంటారు, రెండుంటే తిప్పి పంపుతారు. అతనికి వెంటనే వెళ్ళిపోవాలని తొందర, ఆగమన్నా, హైవే మీద ఒకే స్పీడ్‌లో కొంతసేపు, ఊళ్ళో కొంతసేపు తిప్పించి, స్కానర్‌లో కేటలిస్ట్ మానిటర్ కంప్లీట్ అని చూశాకే పంపించా. పాసయ్యింది.

ఇక వాడకం. అపార్ట్‌మెంట్‌లో టోయింగ్ వాడొస్తాడని రాత్రిపూట స్టార్ట్ చేసి నాలుగడుగులు జరిపి ఆపేసే అలవాటు ఇతనికి. రోటరీకి అంతకంటే చేటు లేదు. చల్లటి ఇంజన్‌కి కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, వెంటనే ఆపితే ఆ పెట్రోల్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేస్తుంది, సీల్ పట్టు పోతుంది, పొద్దున ఫ్లడ్. జరపాల్సి వస్తే ఐడిల్ తగ్గేదాకా, టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చేదాకా ఆపొద్దు. ఫ్లడ్ అయితే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కి క్రాంక్ చేస్తే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, లోపలి తడి బయటకి పోతుంది, తర్వాత కాలు తీసి మామూలుగా కొట్టాలి.

ఆయిల్ తగ్గుతోందని కంగారు పడేవాడు. తగ్గాలి, తగ్గకపోతేనే కంగారు పడాలి, సీల్స్ తడపడానికి మీటరింగ్ పంప్ ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా లోపలికి పోస్తుంది. పెట్రోల్ రెండుసార్లు నింపితే ఒకసారి డిప్‌స్టిక్ చూడాలి, డిక్కీలో ఒక క్వార్ట్ (దాదాపు లీటర్) ఆయిల్ ఉంచుకోవాలి. ట్యాంకులో కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం మీద గొడవలు చాలా ఉన్నాయి, నేను గాలన్‌కి అర ఔన్స్ కలపమనే చెప్తా, నష్టమైతే చూడలేదు. డాష్ మీద టెంపరేచర్ ముల్లుని నమ్మొద్దు, చాలా దూరం వేడి మారినా అది మధ్యలోనే కూర్చుంటుంది, పైకి కదిలిందంటే అప్పటికే ఆలస్యం. డాలస్ ఎండలకి ఫోన్‌లో కారు కంప్యూటర్ లెక్కలు చూపించే ఓబీడీ యాప్ పెట్టుకుని అసలు నంబర్ చూసుకోవాలి. కూలెంట్ లైటు ఊరికే వెలిగితే చాలాసార్లు బాటిల్‌లో సెన్సార్ తప్పు, అయినా బాటిల్ చూడకుండా సెన్సార్‌ని తిట్టొద్దు. ఇక మైలేజీ అడిగితే గాలన్‌కి 17, 18 మైళ్ళు, అదీ ప్రీమియం పెట్రోల్‌తో, దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

వేసవి తిరిగాక మళ్ళీ కంప్రెషన్ చూశా. రియర్ 7.1, 6.5, 7.1, ఆ 0.1 పెరిగిందని సంబరపడక్కర్లేదు, టెస్టర్‌లో అంత తేడా వస్తుంది. పడలేదు, అది చాలు. పీ0302 మళ్ళీ రాలేదు. ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్ 2 పీఎస్‌ఐ లోపు. ఆరు నెలలకోసారి కంప్రెషన్, 30 వేల మైళ్ళకి కాయిల్స్ అని రాసిచ్చా, ఆ ముఖం 6 కిందకి దిగినా, పక్క ముఖం కూడా పడటం మొదలైనా అప్పుడు ఇంజన్ మాట మాట్లాడదాం అనుకున్నాం. విన్ కొట్టి చూస్తే టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఇంకా పెండింగ్‌లో ఉంది, ఇన్నేళ్ళూ ఎవరూ చేయించలేదు, అది డీలర్ దగ్గర ఫ్రీ. ఆ పని అయ్యేదాకా బండి అసలు నడపొద్దని మజ్దానే చెప్పింది, అదే మాట అతనికి చెప్పి అపాయింట్‌మెంట్ బుక్ చేయించా.